హంతకుడి చేతికి రాఖీ

2002లో రాఖీ పండగ సందర్భంగా ఇండోర్ జైలుకు ఒక క్రైస్తవ సన్యాసిని వచ్చారు. యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న సముందర్ సింగ్ అనే ఖైదీ చేతికి రాఖీ కట్టారు. ఏడేళ్ల కిందట అతను పొడిచి చంపింది ఆమె సొంత అక్కనే.

ఆ అక్క సిస్టర్ రాణీ మరియా. కేరళలోని పుల్లువళి గ్రామంలో పుట్టి, ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభలో చేరారు. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా ఉదయ్‌నగర్ ప్రాంతంలో ఆదివాసీల మధ్య పనిచేశారు. ఆమె చేసిన నేరమల్లా కూలీలకు వడ్డీ లెక్కల్లోని మోసం అర్థమయ్యేలా చెప్పడం, పొదుపు చేయించడం, ప్రభుత్వ పథకాలు అందుకునే దారి చూపించడం. వడ్డీ వ్యాపారులకు, భూస్వాములకు అది కంటగింపయింది. 1995 ఫిబ్రవరి 25న ఇండోర్ వెళ్లే బస్సులో సముందర్ సింగ్ ఆమెను కత్తితో పొడిచాడు. ఒంటి మీద యాభైకి పైగా గాయాలు. బస్సులో జనం ఉన్నా అడ్డుపడినవాళ్లు లేరు. అప్పటికామె వయసు 41.

జైల్లో ఉండగానే సముందర్ సంసారం చెదిరిపోయింది. తనను ఉసిగొల్పినవాళ్ల మీద పగ తీర్చుకోవాలన్న కసి తప్ప ఏమీ మిగల్లేదు. అతన్ని కదిలించినవారు స్వామి సదానంద్ అనే క్రైస్తవ సన్యాసి. జైలుకు పదేపదే వెళ్లి మాట్లాడారు. ఆ తర్వాతే చెల్లెలు సెల్మీ పాల్ రాఖీ పట్టుకుని వచ్చారు. ఆమె కూడా అక్క చేరిన సభలోనే సన్యాసిని. తర్వాత తల్లి ఏలీశ్వా కూడా అతన్ని కలిసి, కూతురి రక్తం అంటిన ఆ చేతులను ముద్దు పెట్టుకున్నారు.

దీన్ని మానవాతీతమైన ఔదార్యం అనేసి దండం పెట్టి ఊరుకోవడం తేలిక. కానీ వారి విశ్వాసం ప్రకారం ఇది ఔదార్యం కిందికి రాదు, విధేయత కిందికి వస్తుంది. కేథలిక్ సన్యాసినులు చేసే మూడు ప్రమాణాల్లో పేదరికం, బ్రహ్మచర్యం పోగా మూడోది అదే. మత్తయి సువార్తలో ఏసు చెప్పిన ఒక కథ ఉంది. పదివేల తలాంతుల బాకీని రాజు మాఫీ చేసిన సేవకుడు, బయటికొస్తూనే తనకు నూరు దేనారాలు బాకీపడ్డవాడి గొంతు పట్టుకుంటాడు. ఇతరులకు తీర్పు తీర్చవద్దన్న మాటకు మూలం ఇక్కడే ఉంది. ఎదుటివాడు తప్పు చేయలేదని కాదు, తీర్పు చెప్పే పీట మీద కూర్చున్నవాడు కూడా బాకీదారేనని. క్షమించాలని మనసుకు అనిపించేదాకా ఆగమని ఆ కథ చెప్పదు. అప్పుల ఊబిలో ఉన్న పల్లెల్లో పనిచేసి చనిపోయిన మనిషి ఇంటివారికి ఆ లెక్క ఒకరు విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే కోర్టు తీర్పు సంగతేమిటి? హత్య కేసులో యావజ్జీవ ఖైదీని పద్నాలుగేళ్లు నిండకుండా వదలకూడదన్నది సాధారణ నియమం. అంతకుముందే వదలాలంటే రాజ్యాంగంలోని 161వ అధికరణం గవర్నర్‌కు ఇచ్చిన క్షమాధికారమే దారి. సముందర్‌ను విడుదల చేయమని రాణీ మరియా కుటుంబం, సభ పెద్దలు విజ్ఞప్తి చేశారు. 2006లో అతను బయటికొచ్చాడు. మరుసటి ఏడాది పుల్లువళి వెళ్లి ఆమె తల్లిదండ్రులను క్షమాపణ అడిగాడు.

గ్లాడిస్ స్టెయిన్స్ మరో దారిలో నడిచారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహమ్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని జీపులోనే తగలబెట్టారు. హంతకులను క్షమించానన్న గ్లాడిస్, శిక్ష సంగతి చట్టానికి వదిలేశారు. బారిపదలో కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. ఆ కేసులో దారాసింగ్‌కు పడ్డ మరణశిక్షను 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. మరో దోషి మహేంద్ర హెంబ్రమ్ 2025 ఏప్రిల్‌లో విడుదలయ్యాడు. ఆమె క్షమ, కోర్టు శిక్ష ఒకదానికొకటి అడ్డు రాలేదు.

చిక్కంతా ఈ ఉదాహరణలను ఇతరుల మీద ప్రయోగించడంలో ఉంది. ఎక్కడ దాడి జరిగినా, ఎవరింట శవం లేచినా గ్లాడిస్ పేరు చెప్పి, చూశారా ఆమె ఎలా క్షమించిందో అనేవాళ్లు మనకు కొత్త కాదు. వినడానికి అది ప్రశంసే. అయితే ఇంకా క్షమించలేని తల్లికి అది ఒక తీర్పు. పైగా ఆ మాట చెప్పేవాళ్లలో బాధితులు తక్కువ, తీరిక ఉన్నవాళ్లు ఎక్కువ.

ప్రభుత్వమే ఆ పని చేస్తే ఎలా ఉంటుందో 2022 ఆగస్టు 15న దేశం చూసింది. 2002 అల్లర్లలో బిల్కిస్ బానోపై సామూహిక అత్యాచారం చేసి, ఆమె కుటుంబ సభ్యులను చంపిన 11 మందిని గుజరాత్ ప్రభుత్వం విడిచిపెట్టింది. ఆమెను ఒక్కమాట అడిగినవారు లేరు. బయటికొచ్చినవారికి మిఠాయిలు అందాయి. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి వాళ్లను మళ్లీ జైలుకు పంపింది. అధికార పరిధి లేదన్న కారణం మీద రద్దయిన ఉత్తర్వు అది. కానీ జనానికి గుర్తున్నది అడగకపోవడమే. సముందర్ విషయంలో అడిగింది బాధిత కుటుంబం, ఇచ్చింది రాజ్యం. ఇక్కడ అడిగినవాళ్లు నేరస్థులే.

ఇండోర్ కథలోనూ తేలని లెక్క ఒకటుంది. చేయించినవాళ్లు వేరే ఉన్నారని సముందర్ చెబుతూ వచ్చాడు. హత్యకు గాను ఏళ్ల తరబడి జైల్లో ఉన్నది మాత్రం అతనొక్కడే. క్షమాపణ అడగడానికి కేరళ దాకా వెళ్లిందీ అతనొక్కడే. 2017 నవంబర్ 4న ఇండోర్‌లో రాణీ మరియాను చర్చి ధన్యురాలిగా ప్రకటించినప్పుడు కూడా, ఆ కత్తి వెనకున్న వడ్డీ లెక్కల వాళ్లలో ఎవరూ వచ్చి తప్పయిందని అనలేదు. వాళ్లకు కట్టడానికి ఏ చెల్లెలి దగ్గరా రాఖీ లేకపోవడం వల్ల కాదు.