నూటికి 49

బోధన్ ప్రక్కనున్న శక్కర్‌నగర్‌కు ఆ పేరు చక్కెరవల్లనే వచ్చినది. 2015 డిసెంబరులో అక్కడి కర్మాగారం మూతపడినప్పుడు సామాన్యునికి తోచే సందేహం ఒకటి ఉన్నది. ఆ కంపెనీలో ప్రభుత్వ పక్షాన దాదాపు సగం వాటా ఉండెను గదా, మరి ఇది ఎట్లు జరిగినది?

సమాధానానికి కొంత వెనుకకు పోవలెను. 1931లో మంజీరపై నిజాంసాగర్ పూర్తికాగా చెరకుకు నీటి ఆధారం కుదిరినది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. దాని మూలధనం వెనుక నిలిచినది, 1929లో హైదరాబాదు ప్రభుత్వం నెలకొల్పిన ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండు. పరుల సొమ్మును చేతబట్టుకొని వాటాలు కొని ఉంచుకొనే ఇటువంటి నిధులనూ, బీమా సంస్థలనూ నేటి షేర్ల పరిభాషలో సంస్థాగత వాటాదార్లు అంటారు. కంపెనీని స్థాపించి లేదా చేజిక్కించుకొని లోపలినుండి నడిపేవారు ప్రమోటర్లు. బోధన్‌లో తొలుత ఈ రెండు పాత్రలనూ ప్రభుత్వమే ధరించినది. అది వింత ఏర్పాటే అయినా, చెరకు బాకీ అడగదలచినవానికి ఎవరి తలుపు తట్టవలెనో తెలిసేది.

2002లో ఆ పాత్రలు విడిపోయినవి. నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి కంపెనీలో డెల్టా పేపర్ మిల్స్‌కు నూటికి 51, ప్రభుత్వ పక్షానికి 49 వాటాలు దక్కినవి. బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ ప్రాంతాల కర్మాగారాలూ అందులో చేరినవి. చూపులకు తేడా రెండే పాళ్ళు. కాని కంపెనీ చట్టం కంటితో చూడదు, ఓట్లు లెక్కించి చూస్తుంది. డైరెక్టర్లను ఎన్నుకొనే సాధారణ తీర్మానానికి సగాన్ని మించిన ఓట్లు చాలును. ప్రత్యేక తీర్మానానికి మాత్రం వచ్చిన ఓట్లలో మూడువంతులు అనుకూలంగా ఉండవలెను. కనుక 49 గలవాడు నియమావళిని మార్చనీయకుండా అడ్డుపడగలడు, కాని గానుగ ఆడించలేడు. దినదినమూ జరిగే వ్యవహారమంతా బోర్డుది. బోర్డు 51 గలవానిది.

మరొక నష్టం ఇంకా మౌనంగా జరిగినది. ప్రభుత్వ కంపెనీ అనిపించుకొనుటకు కనీసం 51 పాళ్ళు ప్రభుత్వ హస్తంలో ఉండవలెను. అట్టి కంపెనీకి ఆడిటర్లను నియమించే అధికారం కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ది. ఆ గీత దాటగానే ఆ కన్ను తొలగినది. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలయితే మూడు నెలలకొకసారి ఎవరి వాటా ఎంతో ప్రకటించవలెను. ఇక్కడ నూరు పాళ్ళూ ఇద్దరి మధ్యనే ఉండగా బజారు చూపు కూడా లేదు. తరువాతి కాలంలో శాసనసభా సంఘం ఆ ఒప్పందాన్ని రద్దు చేయవలసినదని సిఫారసు చేసినా, వాటాల లెక్క మారలేదు.

ఈ లెక్కలో చెరకు రైతు ఎక్కడ? ఎక్కడా లేడు. అతడు వాటాదారు కాడు, సరఫరాదారు మాత్రమే. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు సరుకు అందిన 14 రోజులలో ధర చెల్లించమన్నది, ఆలస్యమయితే నూటికి 15 వడ్డీ ఇవ్వమన్నది. బోర్డులో కుర్చీ ఇవ్వమనలేదు. రైతే సభ్యుడైతే అంతా బాగుండునని చెప్పుటకూ వీలులేదు. నిజామాబాదు చేరువనే సారంగాపూర్ సహకార చక్కెర కర్మాగారం కూడా మూతపడినది గదా.

బోధన్ వ్యవహారం దివాలా చట్టం క్రింద కంపెనీ లా ట్రిబ్యునల్ గడప ఎక్కినది. ఆ చట్టం ప్రకారం ఆస్తులు అమ్మినప్పుడు ప్రక్రియ ఖర్చుల పిమ్మట కార్మికుల 24 నెలల బకాయిలూ, తాకట్టు గల ఋణదాతల బాకీలూ సమాన స్థాయిలో నిలుస్తవి. వాటాదార్లు అందరికన్న చివర. అక్కడ 51కీ, 49కీ తేడా లేదు.

2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం పునరుద్ధరణ విషయమై మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. కొలిమి మళ్ళీ రాజుకొన్ననాడు వాటాల పట్టీలో మొదటి పేరు ఎవరిదో, బోర్డులో ఎవరు కూర్చుంటారో, లెక్కలు ఎవరు చూస్తారో శక్కర్‌నగర్ ముందుగా అడిగి తెలుసుకోవలసి ఉన్నది.