కల పండే వయస్సు

మనిషి కోరికకు, వయస్సుకు ఎప్పుడూ పొత్తు కుదరదు. కోరిక బలంగా ఉన్న వయస్సులో దానిని తీర్చుకునే శక్తి ఉండదు. శక్తి సమకూరే నాటికి ఆ కోరిక వాడిపోతుందేమోనన్న భయం వెంటాడుతుంది. ఈ విషయంలో లోకం రెండు నాలుకలతో మాట్లాడుతుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అని ఒకసారి తొందరపెడుతుంది. ‘నిదానమే ప్రధానం’ అని మరొకసారి వెనక్కు లాగుతుంది. ఈ రెండు సామెతల నడుమ నలిగిపోయే జీవితాలు ఎన్నో! వీటిలో ఏది సత్యమో తేల్చుకోవడానికి తత్త్వగ్రంథాలు తిరగవేయనక్కరలేదు. ఇంగ్లండులోని ఒక మధ్యతరగతి ఇంటి గ్యారేజీలోకి తొంగిచూస్తే చాలు. అక్కడ యాభై ఏళ్ళు దాటిన మనిషి, తన పదేళ్ళ వయస్సులో కలగన్న స్పోర్ట్స్ కారును తన చేతులతోనే నిర్మించుకుంటూ కనిపిస్తాడు.

ఇంటివద్ద కారు నిర్మించుకోవడమన్న మాట భారతీయ విద్యార్థులకు వింతగా తోచవచ్చు. బ్రిటన్‌లో మాత్రం అది ఏడు దశాబ్దాలకు పైబడిన సంప్రదాయం. కోలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు స్థాపించిన లోటస్ సంస్థ 1957లో ‘లోటస్ సెవెన్’ అనే కారును తీసుకువచ్చింది. దానికి రెండే సీట్లు. గట్టి పైకప్పు లేదు. ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రం, దానికి బిగించిన పలుచని అల్యూమినియం రేకులు, ముందువైపు ఒక చిన్న ఇంజను. అంతే దాని స్వరూపం. మొత్తం బరువు సుమారు 500 కిలోలు. ఆ రోజులలో పూర్తిగా తయారైన కారుపై బ్రిటిష్ ప్రభుత్వం కొనుగోలు పన్ను విధించేది. విడిభాగాలుగా కొని సొంతంగా బిగించుకునేవారికి ఆ పన్ను ఉండేది కాదు. అందువల్ల ధర దాదాపు సగానికి తగ్గేది. పన్ను మినహాయింపు దక్కాలంటే బిగించే విధానాన్ని తెలిపే సూచనలు జతచేయరాదట. అందుకని చాప్‌మన్ కారును విప్పే విధానాన్ని అచ్చువేయించి ఇచ్చాడనీ, కొన్నవారు దానిని తుది నుంచి మొదటికి చదువుకుని బిగించుకున్నారనీ ఒక కథ నేటికీ ప్రచారంలో ఉంది.

1973లో కొనుగోలు పన్ను స్థానంలో విలువ ఆధారిత పన్ను వచ్చింది. విడిభాగాలు కొనేవారికి ఉన్న లాభం పోయింది. కేవలం డబ్బు మిగుల్చుకోవడమే ఉద్దేశమైతే ఈ అలవాటు అంతటితో ఆగిపోవలసింది. కాని ఆగలేదు. అదే సంవత్సరం ఆ కారు తయారీ హక్కులను కేటర్‌హామ్ అనే సంస్థ తీసుకున్నది. నేటికీ ఆ కారును విడిభాగాల రూపంలో అమ్ముతూనే ఉన్నది. 1996లో రాన్ చాంపియన్ అనే రచయిత, కేవలం 250 పౌండ్లతో సొంత స్పోర్ట్స్ కారును నిర్మించుకోవచ్చునంటూ ఒక పుస్తకం వెలువరించాడు. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కారు నుంచి ఇంజను, ఇరుసులు తీసుకుని, చట్రాన్ని సొంతంగా వెల్డింగు చేసుకోవడం ఎలాగో అందులో వివరించాడు. దానిని చదివి పనిముట్లు చేతబట్టినవారు ఎందరో!

వీరిలో చాలామంది నడివయస్సు దాటినవారు కావడం గమనించదగిన విషయం. దానికి కారణం ఊహించడం కష్టం కాదు. 1967లో బ్రిటిష్ టెలివిజన్‌లో ‘ది ప్రిజనర్’ అనే ధారావాహిక ప్రసారమైంది. దాని ప్రారంభ దృశ్యంలో కథానాయకుడు లోటస్ సెవెన్‌ను నడుపుతూ దూసుకువస్తాడు. ఆనాడు ఆ దృశ్యాన్ని కన్నార్పకుండా చూసిన పదేళ్ళ బాలుడికి 2007 నాటికి యాభై ఏళ్ళు నిండాయి. ఈ నడుమ నలభై ఏళ్ళు ఏమైనట్లు? ఇరవై ఏళ్ళప్పుడు అతనికి తీరిక ఉంది, డబ్బు లేదు. ముప్పై ఏళ్ళప్పుడు కాస్త డబ్బు చేతికందింది, కాని ఇంటి రుణం, పిల్లల పెంపకం దానిని ముందే పంచుకున్నాయి. నలభై ఏళ్ళప్పుడు జీతం పెరిగింది, బాధ్యతా పెరిగింది. యాభై ఏళ్ళకు రుణం తీరుతుంది, పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోతారు, గ్యారేజీలో వారి సైకిళ్ళు ఉన్నచోట ఖాళీ ఏర్పడుతుంది. ధనం, స్థలం, తీరిక అనే మూడూ ఒకచోట కలిసేది అప్పుడే.

ఇటువంటివారిని చూసి నవ్వేవారు లేకపోలేదు. జుట్టు నెరిసిన తరువాత కుర్రతనం ముదిరిందని హేళన చేస్తారు. చేజారిన యౌవనాన్ని చక్రాలమీద వెంటాడుతున్నారని ఎద్దేవా చేస్తారు. ఈ విమర్శలో కొంత నిజం ఉండవచ్చు. ఖరీదైన కారును కొని వీధులలో ఊరేగేవారికి అది వర్తించవచ్చు. కాని కొనడం వేరు, కట్టడం వేరు. కొనేవాడికి కావలసింది సొమ్ము. కట్టేవాడికి కావలసింది ఓర్పు.

ఆ పని ఎటువంటిదో తెలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. చట్రాన్ని దిమ్మెలపై నిలబెట్టడంతో పని మొదలవుతుంది. తరువాత చక్రాలను చట్రంతో కలిపే సస్పెన్షన్ కడ్డీలు, స్టీరింగు, బ్రేకు గొట్టాలు, ఇంధనపు గొట్టాలు ఒకదాని తరువాత ఒకటి అమర్చాలి. ఇంజనును, గేరుపెట్టెను కలిపి, గొలుసుతో వేలాడదీసి, చట్రానికి గీత పడకుండా లోపలికి దించాలి. విద్యుత్ తీగల కట్టను విడదీసి ఏ తీగ ఏ దీపానికో గుర్తించాలి. ప్రతి మరనూ నిర్ణీతమైన బిగువుతోనే బిగించాలి. వదులైతే ఊడుతుంది, ఎక్కువైతే తెగుతుంది. అమ్మకానికి వచ్చే విడిభాగాలన్నీ సిద్ధంగా ఉంటే కొన్ని నెలలలో పూర్తికావచ్చు. పాత కారు భాగాలను ఏరుకుని కట్టేవారికి ఏళ్ళు పడుతుంది.

అంతటితో అయిపోదు. సొంతంగా నిర్మించిన కార్లకు బ్రిటన్‌లో 1998 నుంచి ప్రత్యేకమైన తనిఖీ ఉంది. 2009లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. బ్రేకులు, దీపాలు, అద్దాలు, వేగాన్ని చూపే మీటరు, శబ్దం, పొగ ఇలా ఒక్కొక్కటే అధికారులు పరీక్షిస్తారు. పాదచారికి తగిలి గాయపరచగల అంచు ఏదైనా ఉంటే ఒప్పుకోరు. బయటికి పొడుచుకువచ్చిన భాగాల అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. ఒక్క బోల్టు చివర పదునుగా ఉన్నా కారు తిరిగి గ్యారేజీకి చేరవలసిందే. ‘ఎవరికీ హాని కలిగించని కలయే రహదారి ఎక్కడానికి అర్హమైనది’ అన్నదే ఈ నియమం చెప్పే నీతి. ఇంత నిష్ఠ గల పనిని కుర్రతనమని కొట్టివేయడం న్యాయం కాదు.

అయితే ఆలస్యానికి చెల్లించవలసిన మూల్యం లేదని చెప్పడమూ సత్యం కాదు. నలభై ఏళ్ళు దాటిన తరువాత దగ్గరి వస్తువులు మసకబారడాన్ని తెలుగువారు ‘చత్వారం’ అన్నారు. చత్వారింశత్ అంటే నలభై. ఆ పదంలోనే వయస్సు దాగి ఉంది. చిన్న మరలోని గాడి కనబడక కళ్ళద్దాల కోసం తడుముకునే వయస్సు అది. కారు కింద దూరి అరగంట పనిచేస్తే నడుము మూడు రోజులు గుర్తుచేస్తుంది. కొందరి విషయంలో కాలం అంత గడువు కూడా ఇవ్వదు. సగం కట్టిన కార్లు అమ్మకానికి రావడం ఈ రంగంలో సామాన్యం. ఆరోగ్యం దెబ్బతినో, ఉద్యోగం పోయో, ఉత్సాహం చల్లారో ఒకరు వదిలినదానిని మరొకరు కొని పూర్తిచేస్తారు. నన్నయ అరణ్యపర్వం నడుమ విడిచిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి అందుకోగా, మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని ఎఱ్ఱన పూరించాడు. పని గొప్పదైతే కర్త మారినా అది నిలుస్తుంది. కాని మొదలుపెట్టినవాడి మనస్సులోని వెలితిని ఎవరు పూరించగలరు?

మరి యాభై ఏళ్ళకు మొదలుపెట్టి విజయవంతంగా ముగించేవారి రహస్యమేమిటి? స్పోర్ట్స్ కార్ల చరిత్రలోని ప్రసిద్ధుల జీవితాలు దీనికి సమాధానం చెబుతాయి. చాప్‌మన్ తన మొదటి కారును 1948లో, ఇరవై ఏళ్ళ విద్యార్థిగా ఉండగానే, ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును మార్చి తయారుచేశాడు. ఇటలీకి చెందిన ఫెరుచ్చో లాంబోర్గినీ తన పేరుతో కార్ల సంస్థను స్థాపించింది 1963లో. అప్పటికి అతనికి 47 ఏళ్ళు. మొదటివాడు త్వరపడ్డాడు, రెండవవాడు ఆలస్యం చేశాడు అని పైపైన చూస్తే అనిపిస్తుంది. కాని లాంబోర్గినీ కూడా 1948లోనే ఒక చిన్న ఫియట్ కారు ఇంజనును సొంతంగా మార్చి మిల్లే మిలియా అనే సుప్రసిద్ధమైన పందెంలో పాల్గొన్నాడు. ఆ కారు ప్రమాదానికి గురై పందెం మధ్యలోనే ఆగిపోయింది. తరువాత అతడు ట్రాక్టర్లు తయారుచేశాడు. పదిహేనేళ్ళు అతని చేయి ఇంజనుకు దూరం కాలేదు. 47వ ఏట అతడు కొత్తగా మొదలుపెట్టలేదు, విడిచినచోట అందుకున్నాడు.

ఇంతకంటె విస్మయం గొలిపే ఉదాహరణ న్యూజిలాండులోని ఇన్వర్‌కార్గిల్ పట్టణానికి చెందిన బర్ట్ మన్రోది. అతనిది కారు కాదు, మోటారు సైకిలు. 1920లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయస్సులో, అతడు ఒక ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలును కొన్నాడు. ఆ ఒక్క బండినే దాదాపు అర్ధశతాబ్దం పాటు మెరుగుపరుస్తూ వచ్చాడు. పాత డబ్బాలను అచ్చులుగా వాడి పిస్టన్లు పోతపోసుకున్నాడు. పగిలిన, కరిగిన భాగాలను పారవేయక, వేగదేవతకు సమర్పించిన నైవేద్యాలంటూ ఒక అలమారులో పేర్చుకున్నాడు. 1967లో, 68 ఏళ్ళ వయస్సులో, అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో ఆ పాత బండిపై గంటకు 295 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకుపోయి, వెయ్యి సీసీ లోపు తరగతిలో రికార్డు నెలకొల్పాడు. లోకం చూసింది 68వ ఏటి విజయాన్ని. ఆ అలమారు చూసింది 47 ఏళ్ళ వైఫల్యాలను.

దీనివలన ఒక సత్యం బోధపడుతుంది. కల పండే వయస్సు వేరు, విత్తనం నాటే వయస్సు వేరు. యాభైలో పంట చేతికి రావడంలో తప్పు లేదు. కాని ఇరవైలో విత్తనమే వేయకపోతే యాభైలో కోయడానికేమీ ఉండదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను పెద్దలు సాధారణంగా క్రమశిక్షణ గురించి వాడతారు. అది చేతిపనికి కూడా వర్తిస్తుంది. ఇరవై ఏళ్ళకు రెంచి పట్టని చేయి యాభై ఏళ్ళకు తడబడుతుంది. చిన్ననాడు సైకిలు గొలుసు తానే తగిలించుకున్నవాడు, ఇంట్లో పాడైన ఫ్యాను విప్పి చూసినవాడు, తరువాతి జీవితంలో ఏ వృత్తిలో ఉన్నా ఆ ధైర్యాన్ని కోల్పోడు.

ఈ మాట తెలుగునాట ప్రత్యేకంగా ఆలోచించదగినది. పదహారు, పదిహేడేళ్ళ విద్యార్థికి ఏదైనా ఒక పనిపై మక్కువ కలిగితే ఇంట్లో వినిపించే మాట ఒకటే: “ముందు స్థిరపడు నాయనా, తరువాత చూద్దువుగాని.” ఇది ప్రేమతో చెప్పే మాటే. అందులో అనుభవమూ ఉంది. కాని ‘తరువాత’ అనేది తనంతట తాను రాదు. స్థిరపడేలోగా చేతులు మొద్దుబారితే, తీరిక దొరికిన నాడు కోరిక మిగిలినా నేర్పు మిగలదు. చదువును విడిచి కలల వెంట పరుగెత్తమని ఎవరూ చెప్పరు. చదువు పేరుతో చేతులను పూర్తిగా కట్టివేయవద్దనడమే వివేకం.

భారతదేశంలో ఇంటివద్ద కట్టిన కారును రోడ్డుపైకి తేవడం సులభం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని కూడా సాధారణంగా అనుమతించదు. అందరి భద్రతకూ అది అవసరమే. అయితే దారి మొత్తం మూసుకుపోలేదు. ఇంజనీరింగు విద్యార్థులు తామే వాహనాన్ని రూపొందించి నడిపే ‘బాహా’ పోటీలు 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలయ్యాయి. పందెపు కార్లను పోలిన వాహనాల కోసం కోయంబత్తూరులోని ‘ఫార్ములా భారత్’ వంటి పోటీలు తరువాత వచ్చాయి. తెలుగు రాష్ట్రాల కళాశాలల నుంచి కూడా విద్యార్థి బృందాలు వీటిలో పాల్గొంటున్నాయి. గెలిచేవారు కొందరే. కాని ఓడిన జట్టులోని విద్యార్థికి కూడా తన చేతితో బిగించిన చక్రం తిరిగిన క్షణం జీవితాంతం గుర్తుంటుంది.

‘ఆలస్యం విషం’ అన్న సామెత ప్రారంభానికి చెందినది. ‘నిదానమే ప్రధానం’ అన్న సామెత ముగింపుకు చెందినది. రెండూ నిజాలే. వాటి స్థానాలను తారుమారు చేయడమే మనుషులు తరచు చేసే పొరపాటు. ఇంగ్లండులోని ఆ గ్యారేజీలో నెరిసిన జుట్టుతో తాళంచెవి తిప్పుతున్న మనిషిని చూసి, ఇతడికి ఎంత ఆలస్యమైందోనని జాలిపడనక్కరలేదు. నలభై ఏళ్ళు ఒక కోరికను తుప్పు పట్టకుండా ఎలా కాపాడుకున్నాడో తెలుసుకుంటే చాలు. ఆ కాపుదల నేర్చుకోవలసిన వయస్సు మాత్రం యాభై కాదు, పదహారు.