ఒక ఒరలో రెండు కత్తులు

“ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు” అని మన పెద్దలు చెప్పుదురు. పాత కంప్యూటరునందు విండోసుతోపాటు లినక్సును గూడ నుంచవచ్చునని చెప్పినపుడెల్ల తలిదండ్రులును, కొందరు సహోపాధ్యాయులును ఈ సామెతనే బదులుగా చెప్పుచుందురు. కత్తుల విషయమున సామెత నిజమే. కాని హార్డుడిస్కు ఒర వంటిది కాదు, పొలము వంటిది. గట్టు సరిగా వేసినచో ఒకే పొలమున ఇరువురు రైతులు తగవు లేక సాగు చేసికొనవచ్చును.

ఈ విషయమును ఇప్పుడు విచారింపవలసిన కారణము గలదు. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ ముగిసినది. విండోసు 11కు టీ.పీ.ఎం. 2.0 అను భద్రతా సాధనమును, కొంత క్రొత్తదైన ప్రాసెసరును ఉండవలెను. ఇవి లేని యంత్రములు మన యిండ్లలోను, పాఠశాలలలోను పెక్కు గలవు. వాని తెర చెడలేదు, మీటలు అరుగలేదు. అట్టివానిని పాత యినుము క్రింద అమ్మివేసి, పంట డబ్బు రాకముందే అప్పు చేసి క్రొత్తది కొనుట వివేకము కాదు.

నా యభిప్రాయము ఇది: యంత్రమును పారవేయవలదు, అందున్న విండోసును తుడిచివేయవలదు, దాని ప్రక్కనే లినక్సునకు చోటు చేయవలెను. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలు బోధనకు లినక్సును స్వీకరించి చాల కాలమైనది. అది మెచ్చదగిన పనియే. అయినను మన యిండ్లలో విండోసును ఒక్కసారిగా వెడలగొట్టుట సాధ్యము కాదు. తలిదండ్రులలో కొందరి వ్యాపారపు లెక్కలు టాలీయందున్నవి. పూర్వపు ప్రశ్నపత్రములు పెక్కు అను స్క్రిప్టు అక్షరములతో కూర్పబడినవి. అవి యూనికోడు పద్ధతివి కానందున ఇతర యంత్రములందు తెలుగుగా కనబడక పిచ్చిగీతలవలె కనబడును. ఇట్టి పనులకు మాత్రము పాత విండోసును నిలుపుకొని, ఇంటర్నెట్టుతో కూడిన పనులను లినక్సున చేసికొనుట క్షేమము.

ఈ యేర్పాటు గోదావరి తీరవాసులకు తెలియరానిది కాదు. ఆర్థరు కాటను దొరవారు 1847 మొదలు 1852 వరకు కట్టించిన ఆనకట్ట వలన ఒకే నది నీరు ధవళేశ్వరము, బొబ్బర్లంక, విజ్జేశ్వరముల తూముల గుండ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచబడినది. డిస్కును గూడ అట్లే విభాగములుగా పంచవచ్చును. విండోసు తన విభాగమున ఎన్.టీ.ఎఫ్.ఎస్. అను పద్ధతిలోను, లినక్సు సాధారణముగా ఈ.ఎక్స్.టీ.4 అను పద్ధతిలోను ఫైళ్లను అమర్చుకొనును. యంత్రము మేల్కొనగనే గ్రబ్ అను చిన్న ప్రోగ్రాము, లాకుల యొద్ద లస్కరువలె నిలిచి, “నేడు ఏ దారి తెరువవలెను?” అని మనలను అడుగును. కాలువలు మూడును ఒక్కమారే పారవచ్చును గాని, ఇచ్చట ఒకపరి ఒక్కటియే నడచునని మాత్రము గుర్తుంచుకొనవలెను.

గట్టు వేయకముందే ధాన్యము ఇల్లు చేర్చవలెను. అనగా ముఖ్యమైన ఫైళ్లనన్నిటిని వేరొక డిస్కునకు ఎక్కించి, అవి అచ్చట తెరుచుకొనుచున్నవని చూచిన పిదపనే పని మొదలిడవలెను. డిస్కునకు బిట్‌లాకరు తాళమున్నచో దాని పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసి దాచుకొనవలెను. తరువాత విండోసులోని డిస్కు నిర్వహణ సాధనముతోనే దాని విభాగమును కుదించి ఖాళీ చోటు చేయవలెను. ఉబుంటు వంటి లినక్సునకు 25 గిగాబైట్లు కావలెను. 50 ఇచ్చినచో సుఖముగా నుండును. విండోసునందలి ‘ఫాస్టు స్టార్టప్’ను ఆపివేయవలెను, ఏలయన అది యంత్రమును పూర్తిగా నిద్రపుచ్చక సగము మెలకువలో విడుచును, ఆ స్థితిలో లినక్సు దాని విభాగమున వ్రాసినచో ఫైళ్లు చెడును.

క్రొత్తగా రెంటిని ఎక్కించువారు మొదట విండోసును, తరువాత లినక్సును ఎక్కించుట మంచిది. పాత పద్ధతి యంత్రములలో డిస్కు మొదటి 512 బైట్ల గడిలోనే ప్రారంభపు సూచనలుండును. విండోసు తరువాత వచ్చినచో ఆ గడిని తనదిగా చేసికొని, లినక్సు దారిని మూసివేయును. ఆ పద్ధతిలో ముఖ్య విభాగములు నాలుగింటికి మించి కుదరవు. అన్నిటికంటె అపాయకరమైనది ఎక్కించునపుడు వచ్చు నొక ప్రశ్న: డిస్కునంతటిని తుడువవలెనా, విండోసు ప్రక్కన చేర్చవలెనా? ఆ ప్రశ్నను రెండుమారులు చదువక మీట నొక్కరాదు.

పిల్లలు దీనితో యంత్రమును పాడుచేయుదురని కొందరందురు. ముందుగా పెన్‌డ్రైవు నుండియే లినక్సును నడిపి చూడవచ్చును. డిస్కునకు హాని యుండదు. విభజించు పని పెద్దల యెదుట చేయవలెను. పిదప పిల్లలు రెంటిని వాడనిండు. ఒకే వ్యవస్థను చూచినవాడు ఏ గుర్తు ఏ మూలనున్నదో నేర్చును. రెంటిని చూచినవాడు ఫైలన నేమో, ప్రోగ్రామన నేమో నేర్చును. ఒక యుదాహరణము: యంత్రపు గడియారమును విండోసు స్థానిక కాలముగాను, లినక్సు సార్వత్రిక కాలముగాను భావించును. అందుచే ఉదయము 9 గంటల వేళ విండోసు 3½ గంటలు చూపవచ్చును. ఒక్క యమరికతో ఈ చిక్కు తీరును. కాని ఆ ఐదున్నర గంటల భేదము ఎచ్చటనుండి వచ్చినదని విద్యార్థి యడిగినచో, భూగోళపాఠము తనంతట తానే మొదలగును.

లినక్సును 1991లో ప్రారంభించిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థి. మన హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థ డెబియనును ఆధారముగా చేసికొని తెలుగున నొక వ్యవస్థను సిద్ధపరచినది. విద్యార్థులారా, యంత్రము మన భాషలో పలుకుట ఎవరో దయతలచి యిచ్చిన వరము కాదు. మనవారు కూర్చుండి ఒక్కొక్క మాటకు తెలుగు వెదకినందున కలిగినది. ఆ పనిలో చేరుటకు మీకును తలుపు తెరచియున్నది.

ఒక్క హెచ్చరికతో ముగించెదను. రెండు వ్యవస్థలున్నవి గదా యని డిస్కు విషయమున నిశ్చింతగా నుండరాదు. ఆనకట్ట తెగినచో మూడు డెల్టాలును ఎండును. డిస్కు చెడినచో రెండు వ్యవస్థలును పోవును. కావున వేరొకచోట నకలు దాచుకొనుటను విండోసున్నను, లినక్సున్నను, రెండును ఉన్నను మానరాదు. ఈ జాగ్రత్త గలవాడు, అమ్మివేయదలచిన ఆ పాత యంత్రమును ఈ సెలవులలోనే మరల పనికి తెచ్చుకొనవచ్చును.