గ్యారేజీ కబుర్లు: నివురుగప్పిన కండెన్సరు

గత సంచికలో సోల్డరింగ్ ఐరన్ వాడటం గురించి చెప్పుకున్నాం కదా. అది చదివి తమ పిల్లలు పాత స్టీరియోలు విప్పడం మొదలుపెట్టారని ఇద్దరు ముగ్గురు మిత్రులు గుళ్ళో కనబడినప్పుడు చెప్పారు. సంతోషం. కానీ విప్పే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అది నేను అప్పుడే రాయవలసింది, రాయలేదు. ఆ పొరపాటు మా ఇంట్లోనే బయటపడింది.

లేక్ హయవాతాలో ఒక గరాజ్ సేల్‌లో మా అమ్మాయి 10 డాలర్లు పెట్టి పాత స్టీరియో రిసీవర్ కొంది. వయసు 13 ఏళ్ళు (మా అమ్మాయికి, రిసీవర్‌కి 30 పైనే!). సాయంత్రం ఇంటికి తెచ్చి ప్లగ్గు పెడితే దీపం వెలిగింది గానీ పాట రాలేదు. "పోనీలే నాన్నా, విప్పి పార్టులు తీసుకుందాం" అంది. ప్లగ్గు పీకేసి, భోజనాలు కానిచ్చి, గంట తరవాత గ్యారేజీలో పైమూత విప్పాం.

"ప్లగ్గు తీసేశాను కదమ్మా, ఇక భయం లేదు" అన్నాను.

తను స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలికి చెయ్యి పెట్టబోయింది. ఆ చేతికి వాళ్ళ అమ్మమ్మ చేయించిన బంగారు గాజు. నేనన్న మాట ఎప్పుడో, ఎక్కడో విన్నట్టుందే అనిపించి "ఆగు" అన్నాను. మీటరు తెచ్చి లోపలున్న రెండు పెద్ద కెపాసిటర్ల మీద పెట్టి చూశాను. ఒకదాని మీద అర వోల్టు కూడా లేదు. రెండో దాని మీద 41 వోల్టులు!

ఆ మాట నేను విన్నది 1988లో, తెనాలి దగ్గర మా ఊళ్ళో. మా బాబాయికి మైక్‌సెట్టు ఉండేది. శ్రీరామనవమి పందిళ్ళకీ, పెళ్ళిళ్ళకీ అదే. పాతకాలపు వాల్వుల ఆంప్లిఫయర్. ఆ ఏడు నవమి వెళ్ళిన మర్నాడు, గరగరమంటోందని బాబాయి దాన్ని విప్పాడు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. "వైరు పీకేశాన్రా, ఏం కాదు" అన్నాడు. మరుక్షణం గోడకి కొట్టుకుని కింద పడ్డాడు. చేతి తిమ్మిరి రాత్రికి గానీ తగ్గలేదు. కరెంటు లేకుండా షాకు కొట్టిందని ఊళ్ళోవాళ్ళు దయ్యం కథలాగా చెప్పుకున్నారు.

అది దయ్యం కాదు, కండెన్సరు. సీలింగు ఫ్యాను తిరగకపోతే "కండెన్సరు పోయింది" అంటాం చూడండి, దాని జాతిదే. ఇప్పుడు పుస్తకాల్లో కెపాసిటర్ అంటున్నారు. పిల్లలూ, మీరు ఇండియా వెళ్ళినప్పుడు తాతయ్యగారి మేడ మీద నీళ్ళ ట్యాంకు చూసుంటారు. కింద మోటారు ఆపేసినంత మాత్రాన పైన ట్యాంకు ఖాళీ అవుతుందా? కెపాసిటర్ కూడా అంతే. ప్లగ్గు తీయడమంటే మోటారు ఆపడమే. లోపల నిలవ ఉన్న ఛార్జి బయటికి పోవడానికి ఏదో ఒక దారి ఉండాలి. మా రిసీవర్‌లో ఒక వైపు ఫ్యూజు పోయింది. పాట రాకపోవడానికీ, ఛార్జి దారి లేక అక్కడే కూర్చోవడానికీ కారణం అదే. చెడిపోయిన పెట్టె బాగున్నదాని కన్నా ప్రమాదం అని చెప్పేది ఇందుకే.

ఈ దెబ్బ మహామహులకే తప్పలేదు. కెపాసిటర్ల ముత్తాత లేడెన్ జాడీ. 1745, 1746 ప్రాంతంలో యూరప్‌లో పుట్టింది. మనకి పక్కనే ఉన్న ఫిలడెల్ఫియాలో 1750 డిసెంబరు 23న బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు పెద్ద జాడీల్లో ఛార్జి నింపి, దాంతో టర్కీ కోడిని చంపబోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళ కబుర్లలో పడి పరధ్యానంగా రెండు చేతులూ తగిలించేశాడు. కోడికి తగలాల్సింది ఆయనకి తగిలింది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఆయన బతికి బయటపడ్డాడు గాబట్టి ఇవాళ మనం 100 డాలర్ల నోటు మీద ఆ ముఖం చూస్తున్నాం.

మా బాబాయి ఎగిరిపడితే, 41 వోల్టుల్ని చూసి నేను అంత కంగారు పడాలా అని మీరడగవచ్చు. వాల్వులకి వందల వోల్టులు కావాలి. మనకి అరగంట దూరంలో ఉన్న మర్రే హిల్ బెల్ ల్యాబ్స్‌లో 1947లో ట్రాన్సిస్టర్ పుట్టాక ఆ అవసరం పోయి, పదుల వోల్టులతోనే పని జరుగుతోంది. 41 వోల్టులు పొడి చేతిని మామూలుగా చంపవు. కానీ పెద్ద కెపాసిటర్ తన ఛార్జినంతా ఒక్క క్షణంలో కక్కేయగలదు. దాని రెండు కొసలకీ గాజో ఉంగరమో అడ్డం పడితే నిప్పురవ్వలు లేస్తాయి, లోహం కాలి చర్మానికి అంటుకుంటుంది. ఆ గాజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

ఇక అసలు పని. ఇది ట్రాన్సిస్టర్ స్టీరియోలకి మాత్రమే. పిల్లలు ఒంటరిగా చేయకూడదు, పక్కన పెద్దవాళ్ళు ఉండి తీరాలి.

1. ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా పీకి, ఒక రాత్రంతా వదిలేయండి. అయినా ఖాళీ అయిందని నమ్మకండి.

2. గాజులు, ఉంగరాలు, గొలుసులు, వాచీ తీసేయండి. చేతులు పొడిగా ఉండాలి. కాళ్ళకి బూట్లు, కళ్ళకి అద్దాలు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తోనే పని చేయండి. ఫ్రాంక్లిన్ కథ గుర్తుందిగా!

3. ముందు మీటరుని ఒక మంచి బ్యాటరీ మీద పెట్టి, అది సరిగ్గా పని చేస్తోందో లేదో చూడండి. తరవాత డీసీ వోల్టుల్లో అన్నిటికన్నా పెద్ద రేంజి పెట్టి, ప్రతి పెద్ద కెపాసిటర్ రెండు కొసల మధ్యా కొలవండి. 80 వోల్టులు దాటితే మూత పెట్టేసి, తెలిసినవాళ్ళకి అప్పగించండి.

4. 1,000 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌కి, ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పుల వైర్లు తగిలించి, ఒక్కో కెపాసిటర్‌కి విడివిడిగా పెట్టండి. ఇది ట్యాంకు కుళాయి మెల్లగా తిప్పడం లాంటిది. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పున పేల్చడమంటే ట్యాంకు పగలగొట్టడమే. చాలామంది చేస్తారు, మీరు చేయకండి.

5. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కి ఈ రెసిస్టర్‌తో లెక్క కడితే ప్రతి 10 సెకన్లకీ వోల్టేజి, ఉన్నదాంట్లో 37 శాతానికి దిగుతుంది. 50 సెకన్లకి ఒక శాతం కూడా మిగలదు. నేను రెండు నిమిషాలు ఉంచుతాను.

6. మళ్ళీ కొలవండి. పది నిమిషాలాగి ఇంకోసారి కొలవండి. కొన్ని కెపాసిటర్లలో ఖాళీ చేశాక కూడా కొంచెం ఛార్జి మళ్ళీ ఊరుతుంది. ఒక వోల్టు కన్నా తక్కువ ఉంటేనే చెయ్యి పెట్టండి.

అసలు విప్పకూడనివి కూడా చెబుతాను. మైక్రోవేవ్ ఓవెన్ కెపాసిటర్‌లో 2,000 వోల్టుల దాకా ఉంటుంది, అది మనిషిని చంపుతుంది. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబులో 20,000 వోల్టుల పైనే. వాల్వుల ఆంప్లిఫయర్, కంప్యూటర్ పవర్ సప్లై కూడా ఇంట్లో విప్పే వస్తువులు కావు.

మా అమ్మాయి ఆ రాత్రి గాజు తీసి అమ్మ చేతికిచ్చి వచ్చింది. మీటరు తనే పట్టుకుని, 41 నుంచి సున్నాకి దిగే దాకా అంకెలు పైకి చదివింది. మాకు దక్కినవి: ఒక మంచి ట్రాన్స్‌ఫార్మర్, అల్యూమినియం హీట్ సింక్, నాలుగు నాబులు, వెనక ఉండే జాకులు. కెపాసిటర్లు దాచుకోలేదు. ఇన్నేళ్ళకి లోపలి ద్రవం ఎండిపోయి ఉంటుంది, వాటిని మళ్ళీ వాడటం అనవసరం. పాత టంకంలో సీసం ఉంటుంది గనక పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. మిగిలిన బోర్డుల్ని చెత్తలో వేయకుండా రీసైక్లింగుకి ఇవ్వండి. న్యూజెర్సీలో టీవీలు, కంప్యూటర్లు చెత్తలో పారేయడం 2011 నుంచి నిషేధం.

మర్నాడు బాబాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కాసేపు నవ్వి, "నాకు మీటరు లేదురా, నీకు ఉండి కూడా ముందు పెట్టలేదేం?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం.

వచ్చే సంచికలో, ఆ నాబులతో, జాకులతో బ్యాటరీ మీద నడిచే చిన్న పాటల పెట్టె తయారు చేద్దాం. అంతవరకు సెలవు.