మీ ఉత్తరం – మా జవాబు

మహేశ్వరం నుంచి ఒక పాఠకుడు: “సినిమాల్లో మావాళ్ళంటే గౌనూ, వచ్చీరాని తెలుగూ! కాలేజీలోనూ ‘మీరు వేరే కదా’ అంటారు. ఇంతకీ మేం ఎక్కడివాళ్ళం సార్?”

ఇక్కడివాళ్ళే తమ్ముడూ! గుర్రం జాషువా (1895–1971) క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. పురాణాలు చదివితే సంఘ పెద్దలకి గిట్టలేదు. పద్యం చదివితే అగ్రకులాల వాళ్ళు కులం అడిగి మొహం తిప్పుకున్నారు. ఆయన రెండూ వదల్లేదు. ‘గబ్బిలం’తో కాశీ శివుడికి కబురంపిందీ ఆ కలమే, ‘క్రీస్తుచరిత్ర’కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిందీ ఆ కలమే. ఆయన పద్యాలు పడందే ‘హరిశ్చంద్ర’ నాటకంలో కాటిసీను రక్తి కట్టదు!

మరి సినిమా అంటావా? ‘కరుణామయుడు’ (1978)లో ఏసుగా కనిపించిన విజయచందరే 1986లో షిరిడీ సాయిబాబా అయ్యారు. జనం రెండుసార్లూ చేతులు జోడించారు.

తెరమీది గౌను, రాసినవాడికి తెలిసినంతే! దాన్ని చూసి నువ్వు కుంగిపోవడం దేనికి? ఈసారి ఎవరైనా ‘వేరే’ అంటే వాదించకు. కాటిసీను పద్యం ఒకటి అందుకో. చప్పట్లయ్యాక, రాసిందెవరో చెప్పు!