ఆ స్తంభం ఎవరిదప్పా?

మా చెన్నూరులో బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే ఎదురయ్యే ఏ కరెంటు స్తంభాన్నైనా ఒక నిమిషం నిలబడి చూడండి. చెన్నూరే కానక్కర్లేదు, మీ వీధి చివరి స్తంభమైనా సరే. పైన కరెంటు తీగలు. వాటి కింద వీధి దీపం. ఆ కింద చుట్టలు చుట్టలుగా కేబుల్ టీవీ వైర్లు, ఇంకొంచెం కిందికి ఇంటర్నెట్ డబ్బా, నడుముకు ఏదో కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ. పాదం దగ్గర కొళాయి పైపు. స్తంభం డిస్కంది. దీపమూ దాని బిల్లూ పంచాయతీవి. వైర్లు ఆపరేటర్లవి. నేల రోడ్ల శాఖది, హైవే పక్కనైతే అది కూడా ఢిల్లీ లెక్క. ఫ్లెక్సీ ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరవరు.

నేను బతికేది సాఫ్ట్‌వేర్ మీద. మా దగ్గర ఎంత చిన్న సర్వీసుకైనా ‘ఓనర్’ అని ఒక గడి ఉంటుంది. రాత్రి రెండింటికి అది పడిపోతే ఫోన్ ఎవరికి పోవాలో ఆ గడి చెప్తుంది. అది ఖాళీగా ఉంటే మా మేనేజర్‌కు నిద్ర పట్టదు. మన ఊళ్ళల్లో స్తంభానికీ, పైపుకీ, అంగడికీ ఆ గడి ఖాళీగా లేదు. అందులో ఐదారు పేర్లున్నాయి. మా అనుభవంలో ఐదారు పేర్లుంటే ఖాళీ ఉన్నట్టే లెక్క.

దీని ఖరీదు ఎంతో 2025 ఆగస్టులో హైదరాబాద్ చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. వేలాడుతున్న కేబుల్ వైరు మీదికి వేళ్ళు చూపించారు. మర్నాటి నుంచి స్తంభాల మీది వైర్లన్నీ కత్తిరించుకుంటూ పోయారు. ఇంట్లో నుంచి పనిచేసే మా స్నేహితుల గ్రూపులో ఆ వారమంతా ఒకటే గోల, నెట్ లేదని. ఎయిర్‌టెల్ హైకోర్టుకు పోయింది. వైరు వేసేటప్పుడు ఎవరు అనుమతి ఇచ్చినారు, ఎవరు అద్దె కట్టినారు, ఏ వైరు చచ్చింది, ఏది బతికుంది అనే ప్రశ్నలన్నీ ఐదు ప్రాణాలు పోయిన తర్వాతే బయటికొచ్చాయి. స్తంభాల మీద వైరు వేయడమే తప్పు అనను. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ పల్లెలకు చేరింది ఆ స్తంభాల మీదుగానే. నెలకు 149 రూపాయల ప్యాకేజీ అన్నారంటే, నేల తవ్వే ఖర్చు తప్పింది గనకే. వైరు ఎక్కించే రోజున రాసుకునే పుస్తకం ఒకటుండాలి, అంతే కదా నేను అడిగేది.

కాగితం మీద మన పంచాయతీ చిన్నదేం కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. తాగునీరు ఉంది, రోడ్లు ఉన్నాయి, పద్నాలుగో అంశంగా గ్రామీణ విద్యుదీకరణ, అందులో కరెంటు పంపిణీ కూడా ఉంది. చదివితే, మా సర్పంచ్ లేకుండా బల్బు కూడా వెలగదేమో అనిపిస్తుంది. నిజానికి పంచాయతీకి మిగిలింది వీధి దీపాల బిల్లు కట్టడం. అదీ తన చేత్తో కట్టే వీలు కూడా లేకపోయిన రోజులున్నాయి. 2021లో మన రాష్ట్రంలో ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాల్లో పడి, అక్కడి నుంచి కరెంటు బకాయిల కింద జమ అయిపోయినాయి. సర్పంచులు ఖాతా తెరిచి చూస్తే సున్నా. పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. బకాయి కట్టొద్దని ఎవరూ అనలేదు. మమ్మల్ని అడక్కుండా మా సంతకం మీరే పెట్టుకుంటే ఎట్ల అన్నారు.

2019 అక్టోబరు 2న సచివాలయాలు వచ్చాక ఇంకో ముచ్చట. ఒకే కప్పు కింద ఇంజినీరింగ్ అసిస్టెంటు, డిజిటల్ అసిస్టెంటు, ఎనర్జీ అసిస్టెంటు. ఆ చివరాయన్ను మనం లైన్‌మన్ అనే పిలుస్తాం. కూర్చునేది పంచాయతీ భవనంలో, జవాబు చెప్పేది డిస్కం ఏఈకి. పాపం, ఆయన తప్పేముంది? ఎండలో స్తంభం ఎక్కేది ఆయనే. కానీ పక్క కుర్చీలోని సెక్రెటరీ ఆయన్ను ఒక కాగితం అడగాలంటే అది మండలం దాకా పోయి రావాల.

ఇప్పుడు మా చిన్నమ్మ కథ. వాళ్ళది వేరే జిల్లా. ఊరి పేరూ ఆఫీసు పేరూ రాయను. రాస్తే నెపమంతా ఒక్కరి మీదికే పోతుంది, ఇదేమో ఎక్కడైనా జరిగేదే. చిన్నమ్మ ఇంటి ముందర రేకుల షెడ్డు వేసుకుని పిండి మిషను పెట్టాలనుకుంది. జొన్నలు, రాగులు, కారం. త్రీ ఫేజ్ మోటారు కావాల. యంత్రం బిగించాలంటే పంచాయతీ అనుమతి కావాల. పంచాయతీకి పోతే, ‘ముందు కరెంటోళ్ళ దగ్గర లోడు మంజూరు కాగితం తెచ్చుకో అమ్మా, అప్పుడు రాసిస్తాం’ అన్నారు. కరెంటాఫీసుకు పోతే, ‘పంచాయతీ అనుమతి లేకుండా వేరే కేటగిరీ మీటరు ఎట్లిస్తాం?’ అన్నారు. మా భాషలో దీన్ని డెడ్‌లాక్ అంటారు. మన భాషలో ఇంకా బాగా చెప్పినారు: పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు.

‘ఒరే అబ్బోడా, నువ్వు కంప్యూటర్లో చదివినావు కదా, ఇందులో ఎవరిది న్యాయమో చూసి చెప్పు’ అని ఫోన్ చేసింది. కూర్చుని చదివాను. కరెంటు వినియోగదారుల హక్కుల నిబంధనల్లో 2024 ఫిబ్రవరి సవరణ ఉంది. కొత్త కనెక్షన్ మహానగరాల్లో 3 రోజుల్లో, మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో ఇవ్వాలి. వినడానికి బాగుంది. పక్కనే ఇంకో మాట ఉంది. కొత్త లైను లాగాల్సి వస్తే, ట్రాన్స్‌ఫార్మర్ పెంచాల్సి వస్తే ఆ గడువు వర్తించదు, లెక్క వేరు. చిన్నమ్మ దరఖాస్తు మీద ఎవరో అదే రాశారు: ‘ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం చాలదు.’ నిజంగా చాలదా? ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత లోడు ఉందో ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. లెక్క ఒక ఆఫీసు కంప్యూటర్లో ఉంటుంది, అడిగే హక్కుందని చిన్నమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఈలోగా ఊళ్ళో సలహాదారులు ఉంటారు కదా. ‘ఎందుకక్కా తిరుగుతావ్, చిన్న మోటారు పెట్టి ఇంటి మీటరు మీదనే నడుపుకో. మేమంతా అంతే కదా.’ నిజమే, ఆ వీధిలో మూడు అంగళ్ళు అట్లనే నడుస్తున్నాయి. కానీ విద్యుత్ చట్టం 2003లో 126వ సెక్షన్ ఒకటుంది. ఒక పనికని తీసుకున్న కరెంటు ఇంకో పనికి వాడితే, ఆ వాడకానికి వర్తించే ధరకు రెట్టింపు వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలల లెక్క కడతారు. చిన్న అంగడికి అది మూత పడే దెబ్బ. ఇక్కడే నాకు కోపం వచ్చింది. సక్రమంగా పోయే దారికి నెలలు, అక్రమంగా పోయే దారికి ఒక సాయంత్రం. అక్రమంగా పోయినవాడు ఆ రోజు నుంచి భయంతో బతుకుతాడు. ఎవరు తనిఖీకి వచ్చినా టీ ఇప్పించాల, పండక్కి కవరు ఇయ్యాల, ఫలానా పార్టీ జెండా కట్టమంటే కట్టాల. ఆ ముగ్గురికీ లైసెన్సు లేకపోవడం కొందరికి లైసెన్సు ఉండటం కన్నా లాభం. పర్యవేక్షణ లేదని అనుకుంటాం గానీ, అది పుస్తకంలో లేకుండా జేబులో ఉంది.

అట్లని లైసెన్సే వద్దనే రకం కాదు నేను. మా ఆఫీసులో ‘ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే చాలు’ అనే మిత్రులున్నారు, వాళ్ళతో రోజూ వాదనే. మున్సిపాలిటీల్లో ట్రేడ్ లైసెన్సును ఇప్పటికీ డి అండ్ ఓ అంటారు, అంటే ప్రమాదకరమైనవి, పక్కవాళ్ళకు ఇబ్బంది కలిగించేవి. మద్రాసు రాష్ట్రం నాటి చట్టాల నుంచి వచ్చిన మాట. తోళ్ళు, ఎముకలు, సున్నం, ఇటుకల బట్టీ, వడ్లు ఉడకబెట్టడం లాంటివి ఆ జాబితాలో పుట్టాయి. మా ప్రొద్దుటూరు బంగారం వీధుల్లో ఆసిడ్ వాడే పనివాళ్ళను చూసినవాళ్ళకు అది ఎందుకో చెప్పక్కర్లేదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ కాలిపోయి 8 మంది చనిపోయారు. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. కింది అంతస్తులో బ్యాటరీలు పెడుతున్నారా, బండ్లు పార్కింగ్ చేస్తున్నారా అని ఏడాదికొకసారైనా పోయి చూసేవాడు ఒకడుంటే? లైసెన్సు అంటే ఆ చూపు. ఫీజు రసీదు ఇచ్చి చూపు మానేస్తే ఇంకేం మిగులుతుంది.

నాకు అర్థంకానిది ఒకటే. ఏ ఇల్లు అంగడిగా మారిందో డిస్కంకు మీటరు కేటగిరీ చూస్తే తెలుస్తుంది. తినే వస్తువులు అమ్మేవాళ్ళ జాబితా ఆహార భద్రత వాళ్ళ దగ్గర ఉంది. జీఎస్‌టీ వాళ్ళ దగ్గర ఇంకొకటి, దుకాణాల చట్టం కింద కార్మిక శాఖ దగ్గర ఇంకొకటి. పంచాయతీ దగ్గర ఒక లాంగ్ బుక్కు. ఈ ఐదింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు తీయడం మా కంపెనీలో కొత్తగా చేరిన పిల్లోడికి ఇచ్చే పని. 2025 జనవరిలో మన మిత్ర అని వాట్సాప్‌లో 161 సేవలతో మొదలుపెట్టారు, మంచిదే, మా అమ్మ కూడా వాడుతోంది. కానీ ముందర కిటికీ ఒకటైనంత మాత్రాన వెనకాల గదులు ఒకటి కావు. దరఖాస్తు ఫోన్లో పోతుంది, లోపల మళ్ళీ అదే ఇద్దరు ఒకరినొకరు కాగితం అడుక్కుంటారు.

చిన్నమ్మ పని ఎట్లయిందంటే, సమాచార హక్కు కింద రెండు దరఖాస్తులు రాశాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. ఇది చాలామందికి తెలియదు. పంచాయతీని ఊళ్ళో యంత్రాలకు ఇచ్చిన అనుమతుల రిజిస్టరు నకలు అడిగాం. కరెంటాఫీసును ఆ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, దాని మీదున్న లోడు ఎంతని అడిగాం. 30 రోజుల గడువు. ఇరవయ్యో రోజున సెక్రెటరీ ఫోన్ చేసి, కరెంటు మంజూరుకు లోబడి అభ్యంతరం లేదని కాగితం రాసిచ్చాడు. దాంతో ముడి విడిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఖాళీ ఉందని కూడా జవాబొచ్చింది. మిషను ఇప్పుడు నడుస్తోంది, పొద్దున పూట లైను కూడా ఉంటోందట.

రిజిస్టరు నకలు మాత్రం చివరికొచ్చింది. ఒకటే పేజీ. ఊళ్ళో నేను లెక్కపెట్టిన మిషన్లు పదకొండు, అందులో రాసినవి రెండు. రెండోది మా చిన్నమ్మది.