జ్వరం ఎందుకు దాస్తాం?

పోయిన సంచికలో అక్కలు నీళ్ళ ట్యాంకు గురించి, సప్లిమెంటరీ పరీక్షల గురించి రాసినారు. నేను జ్వరం గురించి రాస్తున్నాను. ముందుగాల నా తప్పు ఒకటి ఒప్పుకొని, తరువాత నా అభిప్రాయం చెప్తాను.

పోయిన నెల మన హాస్టల్‌లో వరసగా జ్వరాలు వచ్చినవి కదా. అందులో మొదటిది నాదే కావచ్చు. గురువారం రాత్రి నుండి ఒళ్ళు కాలుతుండె. నేను ఎవ్వరికీ చెప్పలేదు. ఎందుకంటే ఆ ఆదివారం విజిటింగ్. మా అమ్మ ఏటూరునాగారం దగ్గరి మా ఊరి నుండి బస్సులు మారి సికింద్రాబాద్‌లో దిగి, మళ్ళీ యాప్రాల్ బస్సు ఎక్కి వస్తది. రానుపోను ఖర్చు, పోయిన కూలి కలిపితే ఆమెకు చాలా పెద్ద మొత్తం. జ్వరమని చెప్తే సిక్ రూమ్‌లో పడుకోబెడతారు. సిక్ రూమ్ వాళ్ళకు విజిటింగ్ లేదు. అందుకని ఒక అక్క దగ్గర పారాసిటమాల్ గోలి అడిగి వేసుకొని ప్రేయర్‌లో నిలబడ్డాను. ఆదివారం అమ్మను చూసిన.

మంగళవారానికి నా పక్క మంచం చెల్లెకు వచ్చింది. తరువాత పై మంచం ఆమెకు, తరువాత మా వరండా మొత్తం. దానితో తరువాతి విజిటింగ్ అందరికీ బంద్ పెట్టినారు. ఆ సంగతి తెలియక పక్క మంచం చెల్లె వాళ్ళ నాయిన అచ్చంపేట కాడి నుండి వచ్చి, గేటు బయట రెండు గంటలు కూర్చొని, జామకాయల సంచి వాచ్‌మన్ తాత చేతికి ఇచ్చి పోయినాడు. ఆ జామకాయలు చెల్లె నాకు కూడ పెట్టింది. తినబుద్ధి కాలేదు, అయినా తిన్నాను.

ఇప్పుడు డార్మిటరీలో రెండు మాటలు వినపడుతున్నవి. “కరోనానే పోయింది, ఈ జ్వరానికి ఇంత చేసుడు ఎందుకు” అని కొందరు. “కరోనా అప్పుడు మూసినట్టే గేట్లన్నీ మూసెయ్యాలె” అని కొందరు. నాకు రెండూ సరిగా అనిపించలేదు. కరోనా పోలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి అయిపోయిందని చెప్పింది గాని రోగమే లేదని చెప్పలేదు. ఇక గేట్లు మూసే మాట. మూసినందుకు కూడ ఒక ఖర్చు ఉంటుంది. అది ఎవరు కట్టినారో చూడాలి కదా.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను మూడో తరగతి. మా ములుగు జిల్లాలో అది మిర్చి ఏరే కాలం. ఛత్తీస్‌గఢ్ నుండి ఆదివాసీలు గుంపులుగా కూలికి వస్తారు. అట్ల వచ్చిన వాళ్ళలో బీజాపూర్ జిల్లా పిల్ల ఒకతి ఉండె. ఆమెకు 12 ఏళ్ళు. పని ఆగిపోయింది, బస్సులు లేవు. ఏప్రిల్ 15న తోటి కూలీలతో కలిసి అడవి దారిన ఇంటికి నడక మొదలుపెట్టింది. మూడు రోజులు, వంద కిలోమీటర్లకు పైగా నడిచింది. ఇల్లు ఇంకా కొద్ది దూరంలో ఉండగా 18న చనిపోయింది. పరీక్ష చేస్తే ఆమెకు కరోనా లేదు. ఒంట్లో నీళ్ళు, లవణాలు తగ్గిపోయినవని డాక్టర్లు అన్నారు. ఇది నేను నిరుడు లైబ్రరీలో పాత పేపర్ల కట్టలో చదివిన. ఆమె మిర్చి ఏరిన చోటు మా ఊరికి దగ్గరే. ఆ రోజుల్లో ఎక్కడ విన్నా “ఇంట్లోనే ఉండండి” అని చెప్పేవారు. మంచి మాటే. ఆమె ఇల్లు బీజాపూర్‌లో ఉండె.

అట్లని కరోనా ఉత్తదే అని నేను అనను. 2021లో రెండో సారి వచ్చినప్పుడు మా పెదనాయన పోయినాడు. ఆయన ఎనిమిది రోజులు దగ్గు దాచినాడు. పొద్దున లేవంగనే చేనుకు పోయి, అక్కడ దగ్గి, చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడు. “చెప్తే వరంగల్ తీసుకపోతరు, పీనుగ కూడ ఇంటికి రాదు” అని ఆయన భయం. ఊపిరి ఆడక కింద పడ్డ రోజునే అందరికీ తెలిసింది. ఊళ్ళో వాళ్ళు ఆయనను తెలివి లేనోడు అన్నారు. నేను కూడ అట్లనే అనుకున్నాను, పోయిన నెల దాకా.

మా వాళ్ళకు అపాయాన్ని తూచుడు చేతకాదని అధికారులు, చదువుకున్న వాళ్ళు అనుకుంటారు. ఇది తప్పు. మాకు ఏటా వానాకాలం మలేరియా వస్తది. మన సైన్స్ మేడమ్ చెప్పినారు కదా, ఇక్కడికి దగ్గరలో ఉన్న బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసినాడని, 1902లో నోబెల్ బహుమతి వచ్చిందని. దోమ సంగతి అప్పుడే తెలిసినా మా గూడెంలో జ్వరం ఆగలేదు. అయినా దోమ ఉన్నదని చేను వదిలిపెడతామా? పంట కాసే కాలం మంచె మీద పడుకోవాల్సిందే, లేకపోతే పందులు మొత్తం తింటవి. అందుకని నాయిన దోమతెర పట్టుకొని పోతడు, వేపాకు పొగ పెడతడు. వణుకు మొదలైతే ఆశ అక్క దగ్గరికి పోయి వేలు గుచ్చి రక్తం చూపించుకుంటడు. ఆశ అక్క ఆయనను తిట్టదు, ఎక్కడా బంధించదు. మాత్రలిచ్చి “రేపు మళ్ళ వస్త” అంటది. అందుకే మలేరియాను మా ఊళ్ళో ఎవరూ దాయరు.

2020 ఎండాకాలం తునికాకు అప్పుడు కూడ ఇట్లనే. ఆకు కోయకపోతే వానాకాలానికి బియ్యం పైసలు లేవు. పెద్దలు చెట్టు కింద కూర్చొని మాట్లాడుకున్నారు. అడవిలో ఎవరి చెట్టు వాళ్ళది, దూరం దానికదే ఉంటది. గుంపు అయ్యేది కల్లం దగ్గర, యాభై ఆకుల కట్టలు లెక్కపెట్టేటప్పుడు. అందుకని ఒక్కో వాడ వాళ్ళు ఒక్కో పూట పోవాలని పెట్టుకున్నారు. ఏ అధికారీ చెప్పలేదు. (ఆ రోజుల్లో అప్పటి ములుగు ఎమ్మెల్యే సీతక్క గారు బియ్యం, కూరగాయలు పట్టుకొని అడవిలోని గూడేలకు నడిచి పోయినారు. దారి లేని ఊళ్ళు ఎన్ని ఉన్నవో అప్పుడు పేపర్ల వాళ్ళకు తెలిసింది.)

మా నానమ్మ ఇంకా గట్టిది. సూది వేస్తారని మొదట అడవిలోకి పారిపోయింది. ఆశ అక్క రెండు సార్లు వచ్చి గడప మీద కూర్చొని, “నీకు ఏం భయమో చెప్పు అత్తా” అని అడిగింది. మూడోసారి నానమ్మ చెయ్యి చాపింది. 2022 ఫిబ్రవరి 16 నుండి మేడారం జాతర. జనవరిలో కరోనాకు బళ్ళు మూసి ఫిబ్రవరి 1న తెరిచినారు, రెండు వారాలకే జాతర. పోవద్దని నాయిన అన్నడు. నానమ్మ వినలేదు గాని, జాతరకు వారం ముందే జనం పలచగా ఉన్నప్పుడు పోయి, అమ్మవార్లకు బంగారం పెట్టి, అంటే బెల్లమే, ప్రసాదం ముద్ద తెచ్చి మాకు పంచింది. మొక్కు తీరింది, గుంపులో పడలేదు.

నా సంగతి కూడ చెప్పాలె. 2021లో నాకు ఐదో తరగతి గురుకులం సీటు వచ్చింది. సెప్టెంబర్ 1న మామూలు బళ్ళు తెరిచినారు గాని, గురుకులాలు, హాస్టళ్ళు మాత్రం తెరవవద్దని హైకోర్టు చెప్పింది. అక్టోబర్‌లో గాని ఒప్పుకోలేదు. కోర్టు వాళ్ళు పిల్లల ప్రాణం గురించే ఆలోచించినారు. కాని ఆ ఏడాదిన్నరలో మా పక్కింటి అక్క, తొమ్మిది చదివేది, మిర్చికి పోయింది. మళ్ళీ బడికి రాలేదు. ఆమెకు పెండ్లి చేసినారు. టీవీలో పాఠాలు 2020 సెప్టెంబర్ నుండి వచ్చినవి, మా వాడలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లో. హాస్టల్ తెరిచినాక “అంత మందిలో పిల్లను పడేస్తవా” అని అందరూ మా అమ్మను అడిగినారు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నా బట్టలు పెట్టెలో సదిరి, “అక్కడ రోగం రావచ్చు, రాకపోవచ్చు. ఇక్కడ ఉంటే ఏమైతదో నాకు తెలుసు” అన్నది.

అందుకే నేను చెప్పేది ఏమంటే, కల్లంలో మిర్చి తూచేటప్పుడు కాంటా షావుకారి చేతిలో ఉంటది, మూట మోసేది మనం. హాస్టల్‌లో కూడ జ్వరాన్ని తూచే ముందర మోసేవాళ్ళను ఒకసారి అడగాలె. మేడమ్ గార్లు మా మంచికే విజిటింగ్ ఆపినారు, నాకు తెలుసు. యాభై మంది ఒక్క హాలులో పడుకుంటాము, ఒకరి తుమ్ము అందరిదీ. కాని జ్వరం చెప్పినందుకు అమ్మను చూసే దినం పోతే, చెప్పేవాళ్ళు ఉండరు. అప్పుడు సిక్ రూమ్ ఖాళీగా ఉంటది, డార్మిటరీ నిండా జ్వరం ఉంటది. పోయిన నెల జరిగింది అదే.

సిక్ రూమ్ కిటికీ గ్రౌండ్ వైపు ఉన్నది. కిటికీ బయట వేపచెట్టు కింద కుర్చీ వేస్తే అమ్మానాయినలు దూరం నుండి చూసి మాట్లాడవచ్చు. మిగిలిన వాళ్ళకు విజిటింగ్ లోపలి హాలులో వద్దు, గ్రౌండ్‌లోనే పెట్టవచ్చు. చిన్న పిల్లలకు, ముఖ్యంగా ఐదో తరగతి వాళ్ళకు, జ్వరం రోజు ఫోన్‌లో ఐదు నిమిషాలు ఇప్పించాలని కోరుతున్నాను. ఒకవేళ విజిటింగ్ ఆపక తప్పకపోతే రెండు రోజుల ముందు ఊళ్ళకు ఫోన్ చేయాలి. అచ్చంపేట నుండి వచ్చేవాళ్ళు శనివారం రాత్రే బయలుదేరుతారు.

అక్కలకు ఒక మాట. గోలి అడిగితే ఇయ్యకండి. నాకు ఇచ్చిన అక్క మంచిదే, ఆమె పేరు నేను చెప్పను.

ఈ వ్యాసం రాస్తున్నానని ఫోన్‌లో అమ్మకు చెప్పిన. జ్వరం దాచిన సంగతి కూడ అప్పుడే చెప్పిన. చాలాసేపు ఏం అనలేదు. తరువాత, “వచ్చే నెల జ్వరం ఉన్నా చెప్పు. నేను కిటికీ కాడికే వస్త” అన్నది.

– 9వ తరగతి, ‘బి’ సెక్షన్